అచ్చియ్యమ్మత్త సగం మాట

అనగనగా ఒక ఊరు. ఊరంటే మనూరిలాంటి ఊరు కాదు నా తల్లీ. గోదారి మధ్యలో, చుట్టూరా నీళ్ళతో, తాబేలు వీపులాగా పైకి తేలిన ఇసక లంక. అందుకే దాన్ని తాబేటిలంక అనేవారు. ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోద్ది.

ఆ లంకలో మరిడి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, నీకంటే ఓ వేలు పొడుగేమో. వాళ్ళ నాన్న నూకరాజు పడవ నడిపేవాడు. లంకలోంచి అవతలి ఒడ్డుకి ఎవరెళ్ళాలన్నా నూకరాజు పడవే ఎక్కాలి. మరిడి పుట్టినప్పుడే వాళ్ళమ్మ కన్నుమూసింది. మరి తల్లి లేని పిల్లని ఎవరు పెంచారూ? మేనత్త పెంచింది. ఆమె పేరు అచ్చియ్యమ్మ. నూకరాజుకి అక్క. మొగుడు లేని మనిషి, తమ్ముడింట్లోనే ఉండేది. మరిడికి పాలు పట్టింది, నూనె రాసి నీళ్ళు పోసింది, జడలేసింది. మరిడికి అమ్మా అత్తా రెండూ ఆమే.

ఆ లంకలో వాళ్ళకి మాటంటే మహా భయం. చుట్టూ నీళ్ళు కదా. పొద్దున లేస్తే గోదారి, పడుకుంటే గోదారి. "గోదారికి చెవులున్నాయి, మనం ఏమంటే అది జరిపించేత్తది" అనేవారు. అందుకని చెడ్డ మాటని మంచి మాటతో కప్పి మాట్లాడేవారు. అలా కప్పడంలో అచ్చియ్యమ్మని మించినవాళ్ళు లేరు. మరిడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పేది.

"దీపం ఆరిపోయిందనకూడదే, కొండెక్కిందనాలి. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. పడవెక్కేవాళ్ళు పోతాననకూడదు, పోయొత్తాను అనాలి. ఒడ్డునున్నోళ్ళు పోయిరా అనాలి. ఆ చివర్న 'రా' ఉంది చూశావా, అది పడవకి కట్టిన తాడు పిల్లా. అది లేకపోతే పడవ ఎటు కొట్టుకుపోద్దో ఎవరికెరుక?"

మరిడి కళ్ళు ఇంతింత చేసుకుని వినేది. విని, గుండెలో దాచుకునేది. నాన్న పడవెక్కినప్పుడల్లా రేవు దాకా పరిగెత్తుకెళ్ళి, గొంతు చించుకుని "పోయిరా నాన్నా" అని అరిచేది. ఒకసారి దగ్గొచ్చి 'రా' అనడం ఆలస్యమైపోయింది. ఆ రోజు నాన్న వచ్చేదాకా అన్నం ముట్టలేదు ఆ పిల్ల.

అలా ఉండగా ఒకనాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ పొయ్యి ఊదుతోంది. ఊదుతూ ఊదుతూ పక్కకి ఒరిగిపోయింది. మరిడి ఆట అనుకుంది. "అత్తా, లే" అంది. లేవలేదు. "అత్తా, అన్నం పొంగిపోతంది" అంది. అప్పటికీ లేవలేదు. అప్పుడు మరిడి అత్త మొహంలోకి చూసింది. సగం మొహం అత్తదే. రెండో సగం ఎవరిదో, జారిపోయిన ముసుగులాగా వేలాడుతోంది.

మరిడి నోటంట కేక రాలేదు. భయమేస్తే నోరు పెగలదు తల్లీ.

పక్కింటి సుబ్బాయమ్మ వచ్చింది, ఊళ్ళోవాళ్ళు వచ్చారు. నూకరాజు అక్కని పడవలో పడుకోబెట్టి అవతలి ఒడ్డున ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పక్షవాతం అన్నారు అక్కడ. చాన్నాళ్ళకి ఇంటికి తెచ్చాడు. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడుస్తుంది. నోరు ఎడమ పక్కకి వంకరపోయింది. మాట లేదు. ఒక్క మాట కూడా లేదు.

మరిడి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. దగ్గరికెళ్ళాలంటే భయం. వెళ్ళకపోతే అత్త ఏమనుకుంటుందోనని అదో భయం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సుబ్బాయమ్మ జావ కాచి తెచ్చి, గరిటెతో అచ్చియ్యమ్మ నోట్లో పోసింది. అచ్చియ్యమ్మ మింగింది. కనుబొమలు ముడిచింది. పెదాలు అటూ ఇటూ కదిలాయి. నూకరాజు లేచి నిలబడ్డాడు. సుబ్బాయమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏమంటుందో, దేవుడి పేరంటుందో, తమ్ముడి పేరంటుందో అని అందరూ ఊపిరి బిగబట్టారు.

"చప్పన" అంది అచ్చియ్యమ్మ.

నూకరాజు ఏడ్చాడు. సుబ్బాయమ్మ నవ్వింది. "ఓసి నీ నోరు పడ... కాదులే, నీ నోరు సల్లగుండ! చచ్చి బతికి వచ్చి నా జావకి వంకలు పెడతావా?" అంది. అప్పుడు మరిడి గుమ్మం వదిలి లోపలికొచ్చింది.

అక్కడి నుంచి ఒక్కో మాటా తిరిగొచ్చింది. తప్పిపోయిన కోళ్ళు సందేళకి ఒక్కోటీ గూటికి చేరినట్టు. కానీ ఒక చిత్రం జరిగింది నా తల్లీ. కప్పిన మాటలేవీ రాలేదు. ఉత్త మాటలే వచ్చాయి. అతికిన మాటలు రాలేదు. ముక్కలే వచ్చాయి.

ఆ ముక్కలతోనే నవ్వించేది అచ్చియ్యమ్మ. పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "పని చెయ్యడు. తినిపించాలి. నీళ్ళు పొయ్యాలి. అల్లుడు" అనేది. ఆ రోజు నుంచి ఆ చేతికి అల్లుడుగారనే పేరు స్థిరపడిపోయింది. నోరెందుకు అటు తిరిగిందే అని ఎవరన్నా అడిగితే సుబ్బాయమ్మ ఇంటివైపు చూపించి, "చేపల పులుసు" అనేది. సుబ్బాయమ్మ తలబాదుకుని, ఓ గిన్నెడు పులుసు తెచ్చి పెట్టేది.

అందరూ నవ్వేవారు. మరిడి కూడా నవ్వేది. కానీ లోపల ఒకటే గుబులు. అత్త ఈసారి ఏ మాట అంటుందో, గోదారి ఏం వింటుందో అని.

ఒకరోజు సందె వాలింది. తథాస్తు దేవతలు తిరిగే వేళ. దేవుడి గూట్లో మరిడి దీపం పెట్టింది. ఇంతలో గాలి కొట్టింది. దీపం... ఏమైంది? ఆఁ, కొండెక్కింది. మంచిదానివి. కానీ అచ్చియ్యమ్మ చూసి ఏమందీ?

"దీపం సచ్చిపోయింది."

మరిడి చెవులు మూసుకుంది. "అత్తా! కొండెక్కిందనాలి అత్తా!" అంది. అచ్చియ్యమ్మ ప్రయత్నం చేసింది. "కొం... కొం..." అంది. నాలిక అక్కడే తిరిగింది. ఆఖరికి "సచ్చింది, మళ్ళీ వెలిగించు" అని నవ్వింది. మరిడి గబగబా వెలిగించింది.

తెల్లారేసరికి పాకలో కట్టేసిన మేక చచ్చిపడి ఉంది. పాము కరిచిందన్నాడు నూకరాజు. కానీ మరిడి అత్త నోటివైపు చూసింది. ఆ పూట నుంచి అత్త పక్కన పడుకోవడం మానేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సుబ్బాయమ్మ కూతురు లోవకి సీమంతం చేశారు. ఊరంతా బంతులు తీరి కూర్చున్నారు. అచ్చియ్యమ్మని వంటల దగ్గర ఓ పీట మీద కూర్చోబెట్టారు. ఆఖరి బంతిలో ఒక పెద్దాయన "ఇంకాస్త అన్నం ఉందేంటమ్మా?" అనడిగాడు. అచ్చియ్యమ్మ గుండిగలోకి తొంగి చూసింది. చూసి, ఊరందరికీ వినబడేలా చెప్పింది.

"అయిపోయింది. ఖాళీ."

బంతిలో చేతులన్నీ విస్తళ్ళలోనే ఆగిపోయాయి. నిండు గర్భిణి ఉన్న ఇల్లు. ఖాళీ అనే మాట ఆ ఇంట్లో అనొచ్చా? లోవ పొట్ట మీద చెయ్యేసుకుంది. సుబ్బాయమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. అచ్చియ్యమ్మకి తెలిసింది తప్పన్నానని. సర్దబోయింది. "నిం... నిం..." అంది. రాలేదు. పెద్దాయన విస్తట్లో వేళ్ళు ముడుచుకుని లేచిపోయాడు.

వారం తిరక్కుండా గోదారి ఊట పైకొచ్చింది. సుబ్బాయమ్మ గాదెలో ధాన్యం అడుగునుంచి తడిసి మొలకలెత్తింది. అప్పుడు ఊళ్ళో మాట పుట్టింది. "ఆ నోరు మంచిది కాదు. నల్ల నాలిక. రోగం పోతూ పోతూ నోట్లో దేన్నో పెట్టి పోయింది." సుబ్బాయమ్మ పులుసు గిన్నె తేవడం మానేసింది. అచ్చియ్యమ్మ వీధిలోకొస్తే తలుపులు ఒక్కోటీ మూసుకునేవి.

మరిడి అన్నీ చూసేది. ఒకరోజు పెరట్లోంచి గొణుగుడు వినబడింది. దడి సందులోంచి తొంగి చూసింది. అత్త ఒక్కతే కూర్చుని, కోళ్ళకి నూకలు చల్లుతూ, నాలికతో కుస్తీ పడుతోంది. "పోయి... పోయి..." అంటుంది. తర్వాతది రాదు. మళ్ళీ "పోయి..." అంటుంది. మొహమంతా చెమట. కాసేపు తలొంచుకుని ఊరుకుంది. మళ్ళీ మొదలెట్టింది. దడి కదిలితే ఇటు చూసింది. మరిడి కనబడగానే వంకర నోటితో నవ్వి, కోళ్ళని చూపించి, "బడి" అంది.

మరిడికి నవ్వు రాలేదు. పరిగెత్తుకుని పోయింది.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది. పైన ఎక్కడో వానలు పడ్డాయి. గోదారి ఎర్రగా మారి, నురగలు కక్కుతూ, చెట్లకి చెట్లని మోసుకుంటూ దిగింది. సరిగ్గా ఆ రోజే పొద్దున్న లోవకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందంది మంత్రసాని. అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళకపోతే తల్లీ బిడ్డా దక్కరు.

నూకరాజు పడవ తోసే గెడకర్ర అందుకున్నాడు. లోవని, సుబ్బాయమ్మని పడవలో కూర్చోబెట్టాడు. ఊరంతా రేవు దగ్గర చేరింది. మరిడీ వచ్చింది. నీళ్ళ వంక చూడలేదు ఆ పిల్ల. అత్త కోసం వెతికింది. ఇంట్లోనే ఉండిపోతే బాగుండు అనుకుంది. లేదు. అచ్చియ్యమ్మ కాలీడ్చుకుంటూ, అల్లుడుగారిని పొట్టకి అదుముకుంటూ వచ్చేస్తోంది.

మరిడి ఎదురెళ్ళింది. "ఇంటికి పద అత్తా" అంది. అచ్చియ్యమ్మ తల అడ్డంగా ఊపింది. "పోనీ ఏమీ మాట్లాడకు. నీకు దణ్ణం పెడతాను" అని నిజంగానే చేతులు జోడించింది. అచ్చియ్యమ్మ ఆ చేతులవంక చూసి, రేవువైపే కాలీడ్చింది.

నూకరాజు పడవ నెట్టాడు. "పోయొత్తానక్కా" అన్నాడు. తమ్ముడు అలా అంటే అక్క బదులివ్వాలి కదా. పుట్టిన దగ్గర్నుంచీ ఇచ్చిందే కదా. అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. మరిడి ఎగిరి ఆ నోరు మూయబోయింది. చెయ్యి అందేలోపే మాట జారిపోయింది.

"పో."

అంతే. అక్కడితో తెగిపోయింది.

పడవలోంచి సుబ్బాయమ్మ కెవ్వుమంది. "ఓలమ్మో, ఎంత మాటందో! నా కూతురున్న పడవని పొమ్మంది!" పడవ అప్పటికే సుడిలోకి జారింది. మరిడి "రా, రా" అని అతికించబోయేలోపే వాన దిగింది. తెరలా కమ్మేసింది. పడవ లేదు, నాన్న లేడు.

తల్లీ, పడుకున్నావా? లేదా? సరే, దగ్గరికి జరుగు.

మధ్యాహ్నమైంది. గవరయ్య అని ముసలి పడవాయన, నూకరాజుకి పని నేర్పినవాడు, రేవులో చుట్ట తడవకుండా అరచేతిలో దాచుకుని కూర్చున్నాడు. "ఈపాటికి ఆళ్ళని దింపేసి తిరిగి బయల్దేరుంటాడు" అన్నాడు. ఇంకాసేపటికి, "రావాలే" అన్నాడు. ఆ తర్వాత చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించలేదు.

ఒడ్డూ నీళ్ళూ ఆకాశం ఒకటే రంగు అయిపోయాయి. ఎటు చూసినా బూడిద. ఆ బూడిదలో గోదారి గుర్రుమనడం ఒక్కటే వినబడుతోంది. లంక తోక, అంటే దిగువ కొస, దాటితే అవతల ఇక సముద్రమే. అటు కొట్టుకుపోయిన పడవ తిరిగి రాదు. ఆ సంగతి లంకలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

మరిడి తడిసి ముద్దయింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి అత్త మీదకి తిరిగింది.

"నువ్వే! నీ నోరే! మేకని చంపావు, సుబ్బాయమ్మ పిన్ని గాదె ముంచావు, ఇప్పుడు మా నాన్నని పంపేశావు! నువ్వు ఆసుపత్రిలోనే ఉండిపోవాల్సింది!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. కాదని ఒక్కరూ అనలేదు.

అచ్చియ్యమ్మ ఈసారి నవ్వలేదు. ఏ చమత్కారమూ చెప్పలేదు. రేవు చివరికి, నీళ్ళు కాళ్ళకి తగిలేదాకా నడిచింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తింది. బరువుగా వేలాడే ఆ చేతిని నోటి పక్కన ఆనించి పట్టుకుంది, రెండు చేతులూ కలిపి బూరలా చేసినట్టు. గుండెల నిండా గాలి పీల్చింది.

"రా!"

ఆ కేకకి కొంగలు లేచిపోయాయి.

"రా! రా!"

జనం వెనక్కి జరిగారు. "ఎవర్ని పిలుత్తందే అది?" అంది ఒకావిడ. "గోదారిని! గోదారిని ఊళ్ళోకి రమ్మంటంది!" అంది ఇంకొకావిడ. "నోరు మూయించండ్రా, ఊరు మునిగిపోద్ది!" అని కేకలు. ఎవరికీ ముట్టుకోడానికి ధైర్యం చాలలేదు. "నీ అత్తే కదే, నువ్వెళ్ళి ముయ్యి" అని మరిడిని ముందుకి తోశారు.

మరిడి వెళ్ళింది. నీళ్ళలో దిగి, మునివేళ్ళ మీద లేచి, అత్త నోటి మీద అరచెయ్యి పెట్టేసింది. గట్టిగా అదిమింది.

అరచేతి కింద ఆ వంకర పెదాలు ఆగలేదు. వేడిగా, అడ్డదిడ్డంగా కదులుతూనే ఉన్నాయి. రా. రా. రా. మాట వినబడటం లేదు కానీ మరిడి చేతికి తగులుతోంది. కళ్ళ వెంట కారేది వానో కన్నీళ్ళో తెలీదు. అప్పుడు మరిడికి పెరట్లో కోళ్ళ మధ్య చెమటతో ముద్దయిన మొహం కళ్ళ ముందుకొచ్చింది. "పోయి... పోయి..."

పొద్దున 'పో' అంది. ఇప్పుడు 'రా' అంటోంది. అతకడం చేతకాదు అత్తకి. ముక్కలే వస్తాయి. మొదటి ముక్క పొద్దున వచ్చింది. రెండో ముక్క ఇప్పుడొచ్చింది. రెండూ కలిపితే ఏమవుతుంది? చెప్పు చూద్దాం.

ఆఁ. పోయిరా.

మరిడి చెయ్యి తీసేసింది. అత్త నడుము పట్టుకుని, తనూ గొంతెత్తింది. "రా! నాన్నా, రా!"

జనం బిత్తరపోయారు. కానీ గవరయ్య లేచాడు. ముసలాయన బుర్ర చురుకు. "ఒరే ఎర్రి మేళాల్లారా, ఆడికి ఒడ్డు కనపడదురా. గొంతన్నా వినపడనీండి. అరవండి!" అని తనే ముందు అరిచాడు. అప్పుడు ఒక్కొక్కరే అందుకున్నారు. పొద్దుట్నుంచీ భయంతో మూసుకున్న నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. రేవు రేవంతా 'రా' అంది.

ఎంతసేపు అరిచారో. గొంతులు బొంగురుపోయాయి. ఒకరు ఆగితే ఇంకొకరు. అచ్చియ్యమ్మ మటుకు ఆగలేదు. ఆ తర్వాత బూడిద రంగులో ఒక నల్లటి గీత కనబడింది. గీత పడవైంది. పడవలో నూకరాజు నిలబడి ఉన్నాడు. గెడకర్ర విరిగిపోతే పలకముక్కతో తోస్తూ, రొప్పుతూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి రేవు ఇసకలో పడ్డాడు.

"ఎటు తోత్తన్నానో నాకే తెలీలేదు. లంక తోక దాటేశాననుకున్నాను. అక్క గొంతు వినబడింది, ఇటు తిప్పాను" అన్నాడు. ఆ తర్వాత, "లోవకి ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అన్నాడు.

అచ్చియ్యమ్మ తమ్ముణ్ణి కిందా మీదా చూసింది. "తడిశావు" అంది. అంతే. అప్పుడు మరిడి ఆమె పొట్టలో తలదూర్చి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు నుంచి మళ్ళీ అత్త పక్కనే పడుకుంది.

ఆనాటి నుంచి తాబేటిలంకలో ఒక ఆనవాయితీ వచ్చింది. పడవ కదిలేటప్పుడు ఒడ్డునున్నవాళ్ళు 'పో' అంటారు. సందేళ పడవ తిరిగొచ్చే వేళకి మళ్ళీ రేవుకొచ్చి 'రా' అని కేకేస్తారు. ఆ కేక వినబడితే చాలు, పడవాడి చెయ్యి దానంతటదే ముక్కు ఇటు తిప్పేస్తుంది.

అచ్చియ్యమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చెయ్యి లేవలేదు, కాలు బాగవలేదు, మాటలు అతకలేదు. అయినా బతికింది. సుబ్బాయమ్మ మళ్ళీ పులుసు తెచ్చేది. అచ్చియ్యమ్మ నాకి చూసి "ఉప్పెక్కువ" అనేది, గిన్నె ఖాళీ చేసేది. పెళ్ళి సంబంధాలకి ఆమెని పిలిచేవారు. "పిల్ల చామనఛాయండీ" అని అమ్మాయి తరఫువాళ్ళంటే అచ్చియ్యమ్మ "నలుపు" అనేది. "నవ్వితే బంగారం" అని కూడా అనేది. ఆ మాట నమ్మి పెళ్ళి చేసుకున్నవాళ్ళెవరూ బాధపడలేదట. మరిడికీ అలాగే పెళ్ళయింది. ఆ ఊళ్ళోనే, పిలిస్తే పలికేంత దూరంలోనే.

ఒకనాటి పొద్దున్న అచ్చియ్యమ్మ మంచం మీంచి లేవలేదు. ఊపిరి సన్నగా ఆడుతోంది. మరిడి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. నూకరాజు ముసలాడైపోయాడు, గోడకానుకుని నిలబడ్డాడు. సుబ్బాయమ్మ వచ్చి చూసి, ఆ మూసిన కళ్ళని చూసి, "వెళ్ళిపోయావా నా తల్లో! నా పులుసుకి వంకలెవరు పెడతారో!" అని శోకం అందుకుంది.

అచ్చియ్యమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఇంకా పోలేదు" అంది.

సుబ్బాయమ్మ శోకం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత అచ్చియ్యమ్మ మరిడివైపు చూసింది. పెదాలు కదిలాయి. "పోతా" అంది. మరిడికి గుండెల్లో చల్లగా నీళ్ళు దిగినట్టయింది. చిన్నప్పటి భయమే. ఆ భయాన్ని మింగి, అత్త చెంప నిమిరి, "పో అత్తా" అంది.

అలా వెళ్ళిపోయింది.

లంకలో శ్మశానం లేదు. అవతలి ఒడ్డుకి పడవలోనే తీసుకెళ్ళాలి. నూకరాజే గెడకర్ర పట్టాడు, ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆడవాళ్ళు రేవులోనే ఆగిపోయారు. పడవ కదిలింది. ఆనవాయితీ ప్రకారం అందరూ మెల్లిగా 'పో' అన్నారు.

సందేళకి 'రా' అని ఎవరంటారు? ఎవరూ అనరు. పోయినవాళ్ళని పిలవకూడదు తల్లీ. పిలిస్తే ఏమొస్తుందో ఎవరికి తెలుసు? జనం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీళ్ళ మీద గాలి కూడా ఆగిపోయినట్టుంది. మరిడి ఒక్కతే రేవు చివరికి నడిచింది. సుబ్బాయమ్మకి అర్థమైపోయింది. వెళ్ళి భుజం పట్టుకుంది.

"వద్దే పిల్లా! రా అనకే! దెయ్యమై వచ్చేత్తది!"

మరిడి వణుకుతూనే ఉంది. వణుకుతూనే అంది.

"వత్తే రానీ పిన్నీ. మా అత్తే కదా."

అని, గుండెల నిండా గాలి పీల్చుకుని, "రా! అత్తా, రా!" అని అరిచింది.

అప్పుడేమైందో తెలుసా? నిజంగానే వచ్చింది.

పడవ ఆగింది. ముక్కు ఇటు తిరిగింది. తెల్లబట్ట కప్పిన అచ్చియ్యమ్మని మోసుకుని నీళ్ళ మీద నెమ్మదిగా రేవువైపే వస్తోంది. జనం నిలువునా బిగుసుకుపోయారు. ఒకావిడ కళ్ళు మూసుకుంది. సుబ్బాయమ్మ మరిడి వెనకాల దాక్కుంది. పడవ దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. పడవలోంచి నూకరాజు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"ఏంటే? ఏం మర్చిపోయాం?"

అన్నేళ్ళ అలవాటు కదా. రేవులోంచి 'రా' అని వినబడితే ముసలాడి చెయ్యి దానంతటదే పడవ తిప్పేసింది.

సుబ్బాయమ్మ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తుందనుకున్నారు. నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగక, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మరిడికీ వచ్చేసింది. రేవులో ఆడవాళ్ళంతా ఏడుస్తూ నవ్వుతున్నారు, నవ్వుతూ ఏడుస్తున్నారు. పడవలో మోతగాళ్ళు కూడా మొహాలు పక్కకి తిప్పుకున్నారు. నూకరాజుకి సంగతి తెలిసి, అక్క తల దగ్గర కూలబడి, "చూశావా అక్కా, నీ పని" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం మర్చిపోలేదు నాన్నా" అంది మరిడి. "ఊరికే పిలిచాను. ఇక పో."

అప్పుడు పడవ మళ్ళీ తిరిగింది. ఈసారి మరిడి వణకలేదు. పడవ కనబడినంతసేపూ చూసి, సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఇక ఊఁ కొట్టక్కర్లేదు నా తల్లీ. కళ్ళు మూసుకో.

కథా కథా కంచికి పో,
కునుకా కునుకా కంటికి రా.
భయమా భయమా ఏటికి పో,
పొద్దూ పొద్దూ ఇంటికి రా.